కోమ్ ఆడవాళ్ల కేక

కేసు షీటులో పైనుంచి నాలుగో గడి ఒకటుంటుంది, "వివరం చెప్పినవారు" అని. ఏం జరిగిందో రోగి తనే చెప్పిందా, వెంట వచ్చినవాళ్లు చెప్పారా అన్నది అక్కడ రాయాలి. గల్ఫ్‌కి వెళ్లబోయే నర్సు పిల్లలు సలహా కోసం మా ఇంటికొస్తే నేను ముందు ఆ గడి గురించే మొదలుపెడతాను. వాళ్లు పరీక్ష గురించో, హాస్టల్ గది గురించో అడుగుదామని వస్తారు. ఈవిడకి గడి పిచ్చి పట్టిందేమిటి అన్నట్టు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. పట్టిన మాట నిజమే. ఎలా పట్టిందో చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

కువైట్ సిటీలో ఒక పెద్ద ఆసుపత్రిలో, కాలిన గాయాల వార్డులో, నా సర్వీసు సగానికి పైగా గడిచింది. ఈ సంగతి జరిగేనాటికి రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. నేను రాసిన షీటులో తప్పు వెతికితే వెతికినవాళ్ల కళ్లే నొప్పెడతాయని వార్డులో అనేవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. నా సంతకం కిందున్నదంతా నిజమేనని నాకంత ధీమా.

ఆ మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకి వరసగా మూడు కేసులొచ్చాయి. మూడోది ముప్పై ఏళ్ల ఆఫ్రికా మనిషి. కామెరూన్ దేశం, ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. రెండు చేతులూ మణికట్ల దాకా వేడినీళ్లకి కాలిపోయాయి. మందూబ్ తీసుకొచ్చాడు. మందూబ్ అంటే పనివాళ్లని తెప్పించే ఆఫీసు తరఫున కాగితాల పనులు చూసే మనిషి. చక్కటి హిందీ, చక్కటి చొక్కా, అంతకంటే చక్కటి నవ్వు. "స్టవ్ మీద గిన్నె ఒలికింది సిస్టర్. పాపం, కొత్తది, తొందరపాటు," అన్నాడు. ఆమె మూలుగుతోంది తప్ప నోరు విప్పలేదు. నేను అతను చెప్పిందంతా రాసుకుని, నాలుగో గడిలో "రోగి" అని రాశాను.

ఎందుకలా రాశానంటే, అలా రాస్తే పని తెమిలిపోతుంది. వెంట వచ్చినవాళ్లు చెప్పారని రాస్తే ఆసుపత్రి లోపలే ఉన్న పోలీసు గదికి కబురు పెట్టాలి. ఆఫీసరు వచ్చేదాకా షిఫ్టు దిగకూడదు. పొద్దుట ఆరింటినుంచీ నిలబడిన కాళ్లు నావి, స్టాఫ్ బస్సు కింద హారన్ కొడుతోంది. ఒక్క మాటే కదా అనుకున్నాను.

ఇంకో సంగతి దాచకూడదు. నీళ్లు ఒలికితే చిందినట్టు పడతాయి. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ, మోచేతి మీద నాలుగు చుక్కలు. ఆమెకి అలా లేదు. రెండు చేతులకీ గాజులు వేసుకునే చోట గీత గీసినట్టు ఆగింది. అలాంటి గీత ఎప్పుడు పడుతుందో కాలిన గాయాల వార్డులో ఏడాది చేసిన పిల్లకైనా తెలుస్తుంది. చేతులు నీళ్లలోకి ఎవరో పట్టుకుని ముంచితేనే పడుతుంది. నేను ఆ గీత చూశాను. చూసి కట్టు కట్టేసి బస్సెక్కాను.

కట్టు మార్చడం కట్టడంకంటే కష్టం. పాత గాజుగుడ్డ ఊడదీసేటప్పుడు మగవాళ్లు కూడా మంచం ఊచలు పట్టుకుని అరుస్తారు. ఈమెకి పట్టుకోడానికి చేతులు కూడా లేవు. అలాంటప్పుడు రోగిని మాట్లాడించడం మా పద్ధతి. "మీ ఊరి గురించి చెప్పు," అన్నాను మొదటిరోజు. వింటానని కాదు, ఆమె ధ్యాస మళ్లుతుందని.

"మాది కామెరూన్ అని రాశారు గానీ సిస్టర్, మేము కోమ్ వాళ్లం," అంది. ఇంగ్లీషు బాగానే వచ్చు. ఆ దేశంలో ఇంగ్లీషు మాట్లాడే భాగం ఒకటుందట, వాయవ్యం మూల. అక్కడ గడ్డి కొండలు, పొద్దున్నే మంచు, జలపాతాలు. ఆ కొండల్లో వీళ్ల రాజ్యం. ఇప్పటికీ రాజున్నాడు, లైకోమ్ అనే కొండమీద ఆయన కోట ఉంది. వీళ్ల భాష ఇతాంగికోమ్. పక్క కొండవాళ్లకి కూడా అది అర్థం కాదట.

రెండో కట్టు రోజున ఆ రాజ్యం ఎలా వచ్చిందో చెప్పింది. పూర్వం వీళ్లు వేరే రాజు నేలమీద బతికేవాళ్లు. మగవాళ్లు పెరిగిపోతున్నారు, గొడవలొస్తాయి, చెరొక ఇల్లు కట్టి మన మన మగవాళ్లని అందులో పెట్టి తగలబెట్టేద్దాం అన్నాడట ఆ రాజు. కోమ్ రాజు నమ్మాడు. అవతలి ఇంటికి వెనక ఇంకో తలుపుంది. వాళ్లు బయటపడ్డారు, వీళ్లు కాలిపోయారు. కోమ్ రాజు అవమానంతో ఉరేసుకున్నాడు. చచ్చిపోయేముందు చెల్లెలికి చెప్పాడట, నా ఒంటినుంచి కారే నీళ్లు చెరువవుతాయి, అందులో చేపలు పుడతాయి, మనవాళ్లెవరూ ఆ చేపలు పట్టకూడదని. అవతలివాళ్లు ఆశగా చెరువులో దిగారు. చెరువు వాళ్లని మింగేసింది. ఆ తర్వాత నేలమీద ఒక కొండచిలువ పాకిన జాడ కనబడింది. ఆ చెల్లెలు ముందు నడిస్తే జనమంతా ఆ జాడ వెంట నడిచారు. జాడ ఆగిపోయిన చోటే లైకోమ్.

"చెల్లెలు నడిపించింది గనుకే మాలో అంతా అమ్మవైపే సిస్టర్. రాజు తర్వాత రాజు కొడుకు రాజు కాడు, అక్కచెల్లెళ్ల కొడుకు అవుతాడు. నా కొడుకు కూడా మా అన్న ఇంటివాడే. ఇప్పుడు ఆయన దగ్గరే ఉన్నాడు."

"మాలో కూడా మేనమామ అంటే గొప్పే. పెళ్లిలో బుట్ట మొయ్యడానికి," అన్నాను. ఆమె నవ్వబోయి, నేను గుడ్డ లాగడంతో కేక పెట్టింది.

మా వార్డు శుభ్రం చేసేది అన్నమయ్య జిల్లా అమ్మాయి. నోరున్న మనిషి, అంతకు రెట్టింపు మనసు. చేతులకి కట్లున్న మనిషికి అన్నం ఎవరు పెట్టాలన్నది ఏ షీటులోనూ ఉండదు, ఈ అమ్మాయి తన పని కాకపోయినా పెట్టేది. వాళ్ల ఊళ్లో మొక్కజొన్న పిండి ముద్ద చేసి ఆకుకూరతో తింటారని కోమ్ ఆమె చెప్పిందో లేదో, మర్నాడు గది నుంచి డబ్బాలో రాగి సంగటి, ఆకుకూర పప్పు తెచ్చింది.

"అక్కా, సూడు ఎట్ల తింటాందో. మా సంగటి మాదిరే అంట వాళ్లది గూడా. ఇన్ని సముద్రాలవతల ఉండి మనకు సుట్టాలెట్లయినారో ఏమో!"

ఎముకల వార్డులో ఒక కువైటీ ముసలావిడ తుంటి విరిగి పడుకుని ఉండేది. ఆమెకి తోడున్న పనిమనిషి కూడా కోమ్ మనిషేనట. ఆ సంగతి ఎలా తెలిసిందో గానీ, రోజూ ఒకసారి తలుపు దగ్గర తల పెట్టి వాళ్ల భాషలో నాలుగు ముక్కలు మాట్లాడి పారిపోయేది. పిల్లల వార్డులో ఒకతె, డయాలిసిస్ దగ్గర ఒకతె ఉన్నారని తర్వాత తెలిసింది. నేను రోగుల్ని దేశాలవారీగా లెక్కపెట్టుకునేదాన్ని. వాళ్లు ఒకళ్లనొకళ్లు కొండలవారీగా వెతుక్కునేవారు.

మూడో కట్టు రోజున ఆమె రాజుల గురించి చెప్పలేదు. కొన్నేళ్లుగా వాళ్ల వైపు సైన్యానికీ తిరగబడ్డవాళ్లకీ కాల్పులు. ఇళ్లు తగలబడ్డాయి, బళ్లు మూతబడ్డాయి. అందుకే ఈ దేశం వచ్చింది. ఇంట్లో ఫోను ముట్టుకోవద్దని మామా హుకుం, అక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు. ఒకరోజు ఊళ్లో మళ్లీ కాల్పులని తెలిసి, దాచుకున్న ఫోన్లో అన్నతో మాట్లాడుతుంటే మామా చూసింది. ఫోను పట్టుకున్న చేతుల్ని పట్టుకుని, మక్రోని కోసం మరుగుతున్న గిన్నెలోకి నొక్కింది.

"నీకు తెలుసు కదా సిస్టర్. మొదటిరోజే నువ్వు నా చేతుల్ని అలా చూశావు," అంది.

 కట్టు పూర్తి చేసి చేతులు కడుక్కున్నాను, రెండుసార్లు.

మర్నాడు రౌండ్స్‌లో ఆమె ధైర్యం చేసి ఈజిప్టు డాక్టరుగారికి అదే చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. ఫైలు తీసి మొదటి పేజీ చూశాడు. "నువ్వే చెప్పావు కదమ్మా, గిన్నె ఒలికిందని. ఇదిగో, నీ మాటే రాసి ఉంది. ఇప్పుడు ఇంకోటి చెబితే పోలీసులు ఏది అబద్ధమని అడుగుతారు. నిన్ను తెప్పించుకున్న కఫీల్ ఇంటిమీద తప్పుడు ఫిర్యాదు ఇచ్చావంటే కేసు నీ మీదే పడుతుంది," అన్నాడు.

"నేను చెప్పలేదు. ఆ రోజు నేను అసలు మాట్లాడలేదు," అందామె.

డాక్టరుగారు నావైపు చూశాడు. ఆమె కూడా చూసింది. నేను సెలైన్ బాటిల్ వైపు చూశాను. "చాలా రద్దీగా ఉంది డాక్టర్ ఆ రోజు," అన్నాను. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో నేనన్న మాటల్లో అంత చవకైన మాట ఇంకోటి లేదు.

ఆయన అటు వెళ్లగానే ఆమె మెల్లగా అడిగింది. "అది మారుస్తావా సిస్టర్?"

"చూద్దాం," అన్నాను.

ఈ "చూద్దాం" అన్న మాటని తొమ్మిది రోజులు వాడాను. తప్పుడు రికార్డు రాశానని ఒప్పుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. లైసెన్సు పోవచ్చు. ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం, రద్దు చేసి విమానం ఎక్కించవచ్చు. రెండేళ్లు ఆగితే గౌరవంగా దండ వేయించుకుని దిగేదాన్ని. మా ఇన్‌ఛార్జి సిస్టర్ కేరళ ఆవిడ, నాకంటే చిన్నది, నాకంటే తెలివైనది. ఆవిడతో సగం చెప్పాను. మిగతా సగం ఆవిడే గ్రహించి, "ఆ పేజీ తెరవకండి సిస్టర్. ఆమె వెళ్లిపోతుంది. మనం ఇక్కడే ఉంటాం," అంది. మంచి సలహాయే అనిపించింది. భయపడుతున్నవాళ్లకి భయపడమనే సలహా ఎంత తియ్యగా ఉంటుందో చెప్పలేను.

నేల తుడుస్తున్న మా అన్నమయ్య జిల్లా అమ్మాయికి మాత్రం ఆ తియ్యదనం ఎక్కలేదు.

"అక్కా, ఆయమ్మను మళ్లా ఆ మందూబుగాని చేతికే ఇస్తారంట గదా. గురువారం."

"నీకెవరు చెప్పేరే?"

"వాడే ఫోన్లో సెప్తాండె. చేతులు మానేదాంక ఆపీసు గదిలో పెడతాడంట, ఆమైన మళ్లా ఆ ఇంటికే అంట. నువ్వు రాసిందేమో ఉండాదంట గదా, దాన్ని సూపిచ్చి పోలీసోళ్ల కాడ ఖలాస్ చేపిచ్చుకున్యాడంట. ఏం రాసినావక్కా?"

"నీ పని నువ్వు చూసుకోవే," అన్నాను. అలా కసిరితే ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు ఊరుకుంది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

బుధవారం ఆఖరి కట్టు. ఆమెకి కూడా తెలుసు, మర్నాడు పంపేస్తారని. ఆ రోజు నేను అడక్కుండానే మొదలుపెట్టింది. "మా ఆడవాళ్ల సంగతి నీకు చెప్పలేదు కదూ."

వాళ్లలో అన్లు అని ఒకటుందట. ఒక ఆడదాన్ని ఎవరైనా భరించలేని అవమానం చేస్తే ఆమె నడుం వంచి, సన్నగా, పొడుగ్గా ఒక కేక పెడుతుంది. నాలుగు వేళ్లతో పెదాలమీద కొడుతూ ఆ కేకని ముక్కలు చేస్తుంది. అది ఎవరి చెవిన పడితే వాళ్లు అదే కేక అందుకుని, చేతిలో ఏ పనుంటే ఆ పని అక్కడే వదిలేసి, కేక వచ్చిన వైపు పరుగెత్తాలి. పొలంలో ఉంటే పార వదిలెయ్యాలి. పొయ్యి మీద కూరుంటే కూర మాడినా సరే. ఎవరు, ఎందుకు అని ఆగి అడగడం లేదు. ఆ తర్వాత తప్పు చేసినవాడి ఇంటిముందు తీగలు చుట్టుకుని కూర్చుని, అతను తప్పు ఒప్పుకునేదాకా లేవరు.

"మా అమ్మమ్మ కాలంలో, తెల్లవాళ్లు వెళ్లిపోయే ముందు రోజుల్లో, కొండవాలు మీద మీరు మడులు ఇలాగే తవ్వాలి అని సర్కారు రూలు పెట్టింది. పొలం చేసేది మా ఆడవాళ్లు. ఒక కేక పెట్టారు. రాజ్యం రాజ్యమంతా పరుగెత్తుకొచ్చింది. అధికారులు నోరెత్తలేకపోయారు. మా అమ్మమ్మ అప్పుడు పిండి దంచుతోందట. రోకలి అలాగే వదిలేసి వెళ్లానని చెప్పేది."

నేను వింటూనే ఉన్నాను గానీ చేతులు టేపు కత్తిరించే పనిలోనూ, మనసు మర్నాటి డ్యూటీ చార్టులోనూ ఉన్నాయి. బావుంది బావుంది అంటున్నాను.

"మీలో ఒక ఆడది అలా కేకేస్తే ఎవరొస్తారు సిస్టర్?" అని అడిగింది.

 "మాలో... ముందు ఎవరి కోడలో కనుక్కుంటారు," అన్నాను నవ్వుతూ. ఆమె నవ్వలేదు.

గురువారం మధ్యాహ్నం నమాజు తర్వాత వస్తానన్న మందూబ్ పదిన్నరకే దిగాడు. ఒక చేతిలో మాకోసం ఖర్జూరాల పెట్టె, ఇంకో చేతిలో ఆమెకో ఒళ్లంతా కప్పే నల్ల అబాయా. డిశ్చార్జి కాగితం మీద డాక్టరు సంతకం ముందురోజే అయిపోయింది. నర్సు సంతకం మిగిలింది, అది నాది. "యల్లా సిస్టర్, కింద కారు ఆపిన చోటు మంచిది కాదు," అన్నాడు.

ఆసుపత్రి గౌనుమీద అబాయా తొడుక్కుని ఆమె కారిడార్‌లోకి వచ్చింది. నా దగ్గర ఆగింది. గట్టిగా అడగలేదు. "మార్చావా?"

నా నోటినుంచి మళ్లీ అదే మాట వచ్చింది. "చూద్దాం."

ఆమె నావైపు ఇంకాసేపు చూసింది. తర్వాత నడుంమీద ఎవరో కొట్టినట్టు ముందుకి వంగిపోయి కేక పెట్టింది. అంత సన్నటి గొంతు ఆ ఒంట్లో ఉందని నాకు తెలియదు. కట్లు కట్టిన చేతుల్ని పెదాలమీద కొట్టుకుంటోంది. వేళ్లన్నీ కలిపి చుట్టిన ఆ తెల్లటి ముద్దలు పెదాలకి తగిలి కేక ముక్కలు ముక్కలుగా గోడల వెంట పోతోంది. కట్టుమీద ఎర్రగా మరక తేలింది.

నాకేం గుర్తుకు రాలేదు. నిన్ననే విన్నది, నా చేతుల మధ్యే విన్నది, ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఇరవై తొమ్మిదేళ్లు నర్సు పని చేసినదానికి ఏం గుర్తొస్తుంది? హిస్టీరియా అనుకున్నాను. ఇన్‌ఛార్జి సిస్టర్ అప్పటికే డాక్టరుతో ఫోన్లో ఉంది. "మత్తు ఇంజెక్షన్ ఇమ్మంటున్నారు. మానసిక వార్డుకి కూడా రిఫర్ చేస్తారట," అంది. నేను మందుల గదిలోకి పరుగెత్తాను. మందు సిరంజిలోకి తీశాను, గాలి బుడగ పోగొట్టాను, ట్రేలో పెట్టుకున్నాను. నా చేతులు ఏమాత్రం వణకలేదు. ఆ నేర్పు తలుచుకుంటేనే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

ట్రే పట్టుకుని బయటికొచ్చేసరికి ఇంకో కేక వినబడింది. అది ఈమెది కాదు. ఎముకల వార్డు వైపునుంచి వస్తోంది. వెనకే మనిషి వచ్చింది, ఆ ముసలావిడకి తోడున్న కోమ్ మనిషి. అరచేతులు నూనెతో మెరుస్తున్నాయి. ముసలావిడకి జడ వేస్తూ వేస్తూ వదిలేసి వచ్చింది. నాలుగు వేళ్లతో పెదాలమీద కొట్టుకుంటూ నా పక్కనుంచి దూసుకుపోయింది. నిమిషం తిరక్కుండా మెట్లవైపు నుంచి ఇంకో కేక, పిల్లల వార్డు మనిషి. ఆవిడ భుజంమీద పాలు కక్కిన తువ్వాలు ఇంకా అలాగే ఉంది. తర్వాత డయాలిసిస్ దగ్గరామె. ముగ్గురూ వచ్చి ఈమె చుట్టూ నేలమీద కూర్చున్నారు. ఎవరిమీదా చెయ్యి వెయ్యలేదు, ఎవరినీ తిట్టలేదు. కూర్చున్నారంతే.

మా అన్నమయ్య జిల్లా అమ్మాయికి ఆ కేక అర్థం తెలిసే వీల్లేదు. అయినా తుడుపుకర్ర దబ్బున కింద పడేసి వెళ్లి నాలుగోదై కూర్చుంది.

"నీకేం పనే అక్కడ?" అన్నాను.

"ఏమో అక్కా. ఏడుస్తాంటే రావొద్దా ఏంది?" అంది.

మందూబ్ ఫోనులో ఎవరితోనో అరబ్బీలో అరుస్తున్నాడు. సెక్యూరిటీ అతను వచ్చి, ఎవరిని పట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. "సిస్టర్, త్వరగా," అంది ఇన్‌ఛార్జి నావైపు తిరిగి. అప్పుడు నిన్నటి మాట నాకు అందింది. చేతిలో ఏ పనుంటే ఆ పని అక్కడే వదిలేసి. నేను నా చేతిలోకి చూసుకున్నాను. ట్రే ఉంది. ఆ సూది పడితే ఆమె నిద్రపోతుంది. నిద్రలేచేసరికి కాగితాల్లో పిచ్చిదై ఉంటుంది. ఇక జన్మలో ఆమె ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. మొదట ఆమె నోరు నొక్కింది నేనే, రెండోసారి కూడా నేనే నొక్కబోతున్నాను.

ట్రేని గోడవార నేలమీద పెట్టేశాను. నా సర్వీసంతటిలో మందుల ట్రే నేలమీద పెట్టడం అదొక్కసారే.

కౌంటరు దగ్గరికి వెళ్లి ఫైలు తెరిచాను. "రోగి" అన్న మాటమీద అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన రాశాను. చేర్పించిన రోజున వివరం చెప్పింది మందూబ్. రోగి మాట్లాడలేదు. గాయపు గీత నీళ్లు ఒలికినట్టు లేదని నాకు ఆ రోజే తెలుసు. అయినా తప్పు రాసింది నేను. కింద సంతకం, తేదీ, టైము. ఇన్‌ఛార్జి నా భుజం మీదుగా చదివి "దేవుడా," అంది. ఆపలేదు మాత్రం. ఆ సంగతి ఆవిడ తరఫున చెప్పాలి.

ఆ ఫైలు పట్టుకుని నడిచాను. కారిడార్ చివరిదాకా అరవై అడుగులుంటుందేమో. వెనకనుంచి మందూబ్ "సిస్టర్, సిస్టర్, మీరు పెద్దవారు, ఆలోచించుకోండి," అంటూ వచ్చాడు. నాకు భయం వేసింది, వెయ్యలేదని గొప్పలు పోను.  పోలీసు గదిలో ఆఫీసరు టీ తాగుతున్నాడు, మా అబ్బాయి వయసు. నేను రాసింది చదివాడు, మళ్లీ చదివాడు. "దీంతో నీకేమవుతుందో తెలుసా?" అని అడిగాడు. తెలుసన్నాను. టీ గ్లాసు సగంలో వదిలేసి లేచాడు.

మేం తిరిగొచ్చేసరికి మందూబ్ లేడు. ఖర్జూరాల పెట్టె కౌంటరు మీద ఉంది. ఆఫీసరు ఆ ఆడవాళ్ల ముందు కుర్చీ వేయించుకుని కూర్చుని ఆమెని చెప్పమన్నాడు. పాత షీటు చెల్లదు, కొత్తది తీసుకుని ఆమె చెప్పింది చెప్పినట్టు రాయమన్నాడు నన్ను. ఆమె చెప్పింది, నేను రాశాను. మధ్యలో ఎముకల వార్డు ముసలావిడ కొడుకు కోపంగా వచ్చాడు, మా పనిమనిషి మా అమ్మని వదిలేసి ఎందుకొచ్చిందని. కాసేపటికి తల్లి దగ్గర్నుంచి అతనికే కబురొచ్చింది. ఆడదాని కేక వినబడితే పోకుండా ఏం చేస్తుంది, నా తుంటి బావుంటే నేనూ పోయేదాన్ని, జడ రేపు వేయించుకుంటాను, నువ్వు రా అని.

తర్వాతి కథ అంత రసవత్తరంగా ఉండదు. ఆమెని ఆడవాళ్ల షెల్టరుకి పంపారు. ఆ ఇంటావిడ మీద పెట్టిన కేసు చివరికి ఏమైందో నాకు తెలియదు. తెలిసినట్టు చెబితే మళ్లీ తప్పుడు షీటు రాసినట్టే. నామీద విచారణ జరిగింది. ముగ్గురు కూర్చుని, ఇన్నేళ్ల అనుభవమున్న మీరు ఇలా ఎలా చేశారని అడిగారు. బస్సు హారన్ కొడుతోందని చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. లైసెన్సు ఉంచారు, హెచ్చరిక కాగితం ఇచ్చారు, వార్డునుంచి తీసి దుప్పట్ల స్టోర్‌కి వేశారు. మిగిలిన రెండేళ్లు ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టాను. రిటైరైన రోజున దండ ఎవరూ వెయ్యలేదు. మా అన్నమయ్య జిల్లా అమ్మాయి మాత్రం డబ్బాలో సంగటి తెచ్చింది.

నన్ను స్టోర్‌కి వేసిన కొన్ని నెలలకి ఒక ఉదయం కోమ్ ఆమె అక్కడికి వెతుక్కుంటూ వచ్చింది. ఆ సాయంత్రమే విమానం. ఊరికి కాదు, అక్కడ ఇంకా కాల్పులు ఆగలేదు. అన్న ఆమె కొడుకుని తీసుకుని వేరే పట్నానికి చేరాడట, అక్కడికి. చేతులు చూపించింది. కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. నేను తొందరపడి ఆ వేళ్లకి చెయ్యాల్సిన కసరత్తుల గురించి పాఠం మొదలుపెట్టాను. చెప్పాల్సింది క్షమించమని. నర్సులకి క్షమాపణ కూడా మందుచీటీలాగే వస్తుంది. ఆఖరికి చెప్పాను. దుప్పట్ల బొత్తి పట్టుకుని ఏడ్చాను కూడా.

ఆమె నా ఏడుపు అయ్యేదాకా ఆగింది. క్షమించానని అనలేదు. "ఆ రోజు కొత్త కాగితం మీద ఏం రాశావు సిస్టర్? మొదటినుంచీ చెప్పు," అని అడిగింది.

నాకు అక్షరం అక్షరం గుర్తుంది. చెప్పాను. పేరు. వయసు. దేశం కామెరూన్, పక్కన ఆమె పట్టుబట్టి రాయించిన మాట, కోమ్. ఆ తర్వాత నాలుగో గడి. వివరం చెప్పినవారు, రోగి.

ఆమె తలెత్తింది. "మొదటిసారి కూడా ఇదే మాట కదా రాశావు?"

"ఇదే మాట," అన్నాను.

"ఈసారి నేను చెప్పాను," అంది.